చేనే గట్టును మేస్తోంది
ఒక్క సాలు ఆశకు పోయి ఏం పోగొట్టుకుంటున్నామో లెక్క చూసుకుందాం

కంచే చేను మేసిందని సామెత. మన గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ళలో ఇప్పుడది తిరగబడింది. చేనే కంచెను మేస్తోంది. ఏటా దుక్కిలో నాగలి ఒక సాలు గట్టులోకి జరుగుతుంది. ట్రాక్టరు వచ్చాక జానెడు జానెడుగా పోతోంది. గడ్డిమోపుతో వచ్చే మనిషికి ఎదురొచ్చిన మనిషి తప్పుకుని నిలబడగలిగిన గట్లు, ఇవాళ కాలు ముందు కాలు పెట్టి నడవాల్సిన గీతలయ్యాయి. "పోతే ఏం పోయింది లే, రెండు సాళ్ళు కలిసొచ్చాయిగా" అనుకుంటాం.

రైతు సోదరులారా, ఆ కలిసొచ్చిన రెండు సాళ్ళ లెక్క ఒకసారి కాగితం మీద వేద్దాం. గట్టు మనకు ఏం ఇస్తోందో, అది పోతే ఏం పోతుందో కూడా చూద్దాం. పెద్ద రైతు కంటే ఎకరం, రెండెకరాల రైతే ఈ లెక్క ముందుగా వేసుకోవాలి. ఎందుకో కింద చదవండి.

చిన్న కమతానికి అంచు ఎక్కువ

ఎకరం అంటే వంద సెంట్లు, 43,560 చదరపు అడుగులు. ఎకరం చేను నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు దాదాపు 209 అడుగులు వస్తుంది. చుట్టూ నడిస్తే 835 అడుగులు. పదెకరాల చెక్క నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 660 అడుగులు, చుట్టుకొలత 2,640 అడుగులు. అంటే ఎకరానికి 264 అడుగుల గట్టే. పదెకరాల ఆసామితో పోలిస్తే ఎకరం రైతుకు ఎకరానికి మూడు రెట్లు ఎక్కువ అంచు ఉంది.

మన చెక్కలు నలుచదరంగా కూడా ఉండవు. తండ్రి నలుగురు కొడుకులకు పంచేటప్పుడు అందరికీ బాట, బోదె తగలాలని పొడుగ్గా చీలుస్తాడు. సర్వేయరు గొలుసు 66 అడుగులు. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే సరిగ్గా ఎకరం. ఆ చెక్క చుట్టుకొలత 1,452 అడుగులు. నలుచదరపు ఎకరం కంటే గట్టు ఇంచుమించు రెట్టింపు దగ్గరకు వస్తుంది.

ఇందులో ఉన్న సంగతి ఏమంటే, పురుగు వచ్చేది అంచు నుంచి. పక్క చేలో కొట్టిన మందు గాలికి వచ్చిపడేది అంచు మీద. నీళ్ళు కోసుకుపోయేది అంచు దగ్గర. తగాదా పుట్టేదీ అక్కడే. చిన్న చెక్కలో నడిమి చేను తక్కువ, అంచు చేను ఎక్కువ. కాబట్టి చిన్న రైతు అంచును గాలికి వదిలేస్తే చేనులో పెద్ద భాగాన్ని వదిలేసినట్లే.

ఇప్పుడు గట్టుకు ఎంత భూమి పోతుందో చూడండి. నలుచదరపు ఎకరానికి చుట్టూ అడుగు వెడల్పు మీ వైపు నుంచి వదిలితే 835 చదరపు అడుగులు, అంటే రెండు సెంట్ల లోపే. సాళ్ళ మధ్య రెండున్నర అడుగులు, మొక్కల మధ్య అడుగు దూరంతో మిరప నాటితే ఎకరానికి 17 వేల పైచిలుకు మొక్కలు పడతాయి. ఆ అడుగు స్థలంలో పట్టేవి 334. ఎకరానికి 20 క్వింటాళ్ళ దిగుబడి అనుకుంటే ఆ మొక్కల వాటా 38 కిలోలు. పొడుగు చెక్కయితే మూడు సెంట్లు దాటుతుంది, 66 కిలోల లెక్క. ఆ కిలోల కోసం మనం ఏం పణం పెడుతున్నామో చూద్దాం.

నేతగాడి దగ్గర నేర్చుకోవాల్సింది

మన పత్తి చివరికి చేరేది మగ్గం మీదికి. మంగళగిరి చీరకు నిజాం అంచు పేరు. కొనేవాళ్ళు ఆ జరీ గోపురాల వరసను చూసి మురుస్తారు. నేతగాడికి మాత్రం అంచు అందం ఒక్కటే కాదు. పేక నూలు అటు చివరికి పోయి మళ్ళీ ఇటు తిరిగేది అక్కడే. లాగుడంతా అంచు పోగుల మీద పడుతుంది. అంచు వదులైతే బట్ట పక్క నుంచి ముడుచుకుంటుంది, పీచు లేస్తుంది. అందుకే అక్కడ పోగులు చిక్కగా పెట్టుకుంటారు. అంచుకు నూలు ఎక్కువ పడుతుందని ఏ నేతగాడూ దాన్ని మానేయడు.

చేనుకూ అంతే. అంచు చిక్కగా ఉంటే లోపలిది నిలబడుతుంది.

నల్ల తామర పురుగు చెప్పిన పాఠం

మిరప రైతు 2021-22 సంవత్సరాన్ని మరిచిపోలేడు. అప్పటిదాకా మనకు తెలిసిన తామర పురుగు ఆకు కింద చేరి పైముడత తెచ్చేది. ఆ ఏడు వచ్చిన నల్ల తామర పురుగు పూలలో దూరింది. పూత రాలింది, కాయ వంకర తిరిగింది. ఇది ఆగ్నేయాసియా దేశాల పురుగు. మన దేశంలో 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. ఆరేళ్ళలో గుంటూరు, ప్రకాశం మిరప మీదికి వచ్చిపడింది. మందు మీద మందు కొట్టినా ఆగక, చాలామంది నిలువునా ఉన్న తోటను దున్నేశారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల కొత్తగా వచ్చాయి. మనుషుల హద్దులు మారాయి గానీ పురుగుకు హద్దులు లేవని అందరికీ తెలిసొచ్చింది.

ఆ దెబ్బ తర్వాత శాస్త్రవేత్తలు చెప్పిన జాగ్రత్తల్లో నీలం రంగు జిగురు అట్టలు ఉన్నాయి, సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మానమని ఉంది. వాటితో పాటే చేను చుట్టూ జొన్న, సజ్జ లేక మొక్కజొన్న రెండు మూడు వరుసలు వేయమని ఉంది. గుంటూరు పక్కనే లాం ఫారంలో మిరప, పత్తి మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఈ కంచె పంట మాట ఎప్పటినుంచో చెబుతున్నారు. మనమే "ఆ మూడు వరుసల్లో కూడా మిరపే పడుతుందిగా" అని దాటేస్తూ వచ్చాం.

జొన్న గోడ ఎలా పనిచేస్తుంది

తామర పురుగు, తెల్లదోమ, రెక్కల పేనుబంక గట్టిగా ఎగరలేవు. గాలి ఎటు తోస్తే అటు, నేలకు కాస్త ఎత్తులో కొట్టుకొస్తాయి. మనిషెత్తు జొన్న అడ్డం ఉంటే కొన్ని దాని మీదే ఆగిపోతాయి. ఇది ఒక మేలు.

రెండో మేలు చాలామందికి తెలియదు. మిరపలో కుకుంబర్ మొజాయిక్ తెగులును పేనుబంక మోసుకొస్తుంది. ఈ వైరస్ పురుగు కడుపులో ఉండిపోదు, దాని మూతి సూదికి అంటుకుని ఉంటుంది. పేనుబంక ఏ మొక్క మీద వాలినా ముందు రెండు మూడు చోట్ల గుచ్చి రుచి చూస్తుంది. ఆ గుచ్చడం ముందు జొన్న మీద జరిగితే మూతికున్న వైరస్ అక్కడే తుడుచుకుపోతుంది. జొన్నకు ఆ వైరస్ బాధ లేదు. తర్వాత అది మిరప మీద వాలినా మోసుకొచ్చేది ఉండదు.

తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్ సంగతి వేరు. ఆ వైరస్ దోమ ఒంట్లోకే పోతుంది గనుక జొన్న మీద గుచ్చినంత మాత్రాన వదలదు. తామర పురుగు తెచ్చే మొవ్వుకుళ్ళు కూడా అంతే. వాటికి జొన్న అడ్డుగోడగా పనిచేసి రాకను తగ్గిస్తుందే గానీ పూర్తిగా ఆపదు. కంచె పంట వేశాను కదా అని జిగురు అట్టలు పెట్టకుండా, చేను తిరిగి చూడకుండా కూర్చోకూడదు.

వేసే పద్ధతి కూడా ముఖ్యం. మిరప నాటే రోజున జొన్న గింజ వేస్తే ఉపయోగం తక్కువ. మిరప పిలకగా ఉన్నప్పుడే వైరస్ దెబ్బ ఎక్కువ, అప్పటికి జొన్న జానెడు కూడా ఉండదు. నాటడానికి రెండు మూడు వారాల ముందే చుట్టూ విత్తుకోండి. రెండు మూడు వరుసలు ఒత్తుగా ఉండాలి. మధ్యలో ఖాళీలు పడితే పురుగుకు గుమ్మం తీసి పెట్టినట్లే. ఎద మిరప వేసేవాళ్ళు తొలి వానకే అంచు గింజ వేసుకోవచ్చు. మొక్కజొన్న వేస్తే కత్తెర పురుగును కనిపెట్టి ఉండాలి. 2018లో మన దేశానికి వచ్చిన ఈ పురుగుకు మొక్కజొన్న అంటే మహా ఇష్టం. ఆ బెడద ఉన్నచోట జొన్న, సజ్జ మేలు.

అంచు జొన్న పశువుల మేతకు వస్తుంది. కానీ రెండు జాగ్రత్తలు తీసుకోండి. లేత జొన్న, ముఖ్యంగా బెట్టకు వాడిన జొన్న, కోసిన మోడు మీద వచ్చిన పిలకలు మేస్తే పశువుకు నాము తగులుతుంది. ప్రాణం పోతుంది. పూత వచ్చాకే కోయండి. మిరపకు కొట్టిన మందు అంచు జొన్న మీద కూడా పడుతుంది. మందు కొట్టిన వారం, పది రోజుల్లో ఆ చొప్ప పశువుకు వేయకండి. మందు డబ్బా మీద రాసిన గడువు ఇంకా ఎక్కువ ఉంటే అదే పాటించండి.

ఎర పంట వేస్తే కాపలా ఉండాలి

కంచె పంట అడ్డుకుంటుంది, ఎర పంట పిలుస్తుంది. పత్తి, మిరప చేల అంచున, మధ్య మధ్య ఎకరాకు వంద దాకా ఆముదం, బంతి మొక్కలు వేయమంటారు. పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కపురుగు ఆముదం ఆకును వెతుక్కుంటూ వచ్చి గుంపుగా గుడ్లు పెడుతుంది. శనగపచ్చ పురుగు బంతి పూల మీదికి పోతుంది.

ఇక్కడ చాలామంది సగం పనితో ఆపేస్తారు. ఆముదం వేయడమే పని అనుకుంటారు. అసలు పని తర్వాత ఉంది. గుడ్ల గుంపు ఉన్న ఆకును, పిల్ల పురుగులు గోకి జల్లెడ చేసిన ఆకును వారానికి రెండుసార్లు కోసి నాశనం చేయాలి. ఆ ఒక్క ఆకులో వందల పురుగులు ఉంటాయి. కోయకుండా వదిలితే అవి పెరిగి దిగి చేలోకి నడుస్తాయి. అప్పుడు ఆముదం ఎర కాదు, పురుగుకు పుట్టిల్లు. వారానికి రెండుసార్లు గట్టు తిరిగే తీరిక లేనివాళ్ళు ఆముదం వేయకపోవడమే మంచిది.

అలసంద వరుస వేస్తే దాని మీద పేనుబంక చేరుతుంది. భయపడకండి. దాన్ని తినడానికి అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు వస్తాయి. సాలీళ్ళు గూళ్ళు కడతాయి. అక్కడ బలిసిన మిత్ర పురుగులు తర్వాత పత్తి మీది పేనుబంకకూ పోతాయి. గట్టు మీద ఈ నాలుగు మొక్కలూ లేకపోతే, చేలో మందు కొట్టిన రోజున మిత్ర పురుగులకు తలదాచుకునే చోటు ఉండదు.

మిత్ర పురుగులు పోతే ఏమవుతుందో ఈ రెండు జిల్లాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1980లలో ఎటు చూసినా పత్తే అయింది. పైరిత్రాయిడ్ మందులు మీద మీద కొట్టారు. మిత్ర పురుగులు చచ్చాయి, తెల్లదోమ పెరిగింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మందే డబ్బాలో తెచ్చుకుని తాగినవాళ్ళున్నారు. గట్టు మీద ఆముదం ఉంటే అదంతా ఆగేదని చెప్పడం లేదు. అప్పు, ధర, నకిలీ మందు అన్నీ కలిశాయి. మందు ఒక్కదాన్నే నమ్ముకున్న చేను ఎంత తేలిగ్గా కూలుతుందో మాత్రం అప్పుడు చూశాం.

గట్టు మీద ఏది ఉండాలి, ఏది ఉండకూడదు

గట్టు ఉండాలన్నాం కదా అని దాని మీద మొలిచిందల్లా మంచిది కాదు. తుత్తురబెండ మీద తెల్లదోమ, పత్తి పురుగులు వేసవంతా బతికేస్తాయి. మనం విత్తు వేయగానే దిగొస్తాయి.

వయ్యారిభామ ఇంకా చెడ్డది. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ వచ్చి 2 లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్ ఎక్కడ దాక్కుందని వెతికితే గట్ల మీది, బీళ్ళలోని వయ్యారిభామలో దొరికింది. ఆ మొక్క వైరస్ ఉన్నా పైకి జబ్బుగా కనిపించదు. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని వేరుశనగ మీదికి మోసింది. గట్టు మీది కలుపు చేలోని పంటను ఎలా చంపుతుందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ తర్వాత అక్కడి రైతులకు చెప్పిన మందు కూడా గట్టు మందే: వయ్యారిభామ పూయకముందే పీకడం, చుట్టూ నాలుగు వరుసలు జొన్న లేక సజ్జ వేయడం.

కాబట్టి వయ్యారిభామను పూత రాకముందే, తొలకరి తడి మీద వేరుతో పీకండి. చేతికి తొడుగు వేసుకోండి, దాని రసం తగిలితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. పీకిన చోట ఖాళీగా వదిలితే మళ్ళీ అదే మొలుస్తుంది. అక్కడ కంది వేయండి, అలసంద వేయండి. గ్లైరిసిడియా కొమ్మలు నాటితే పచ్చిరొట్ట వస్తుంది, గట్టూ పట్టుగా ఉంటుంది.

పత్తి కట్టె గట్టు మీద వేసి వదలకండి. ఎండిన కాయల్లో గులాబి రంగు పురుగు నిద్రావస్థలో ఉంటుంది. వంట చెరకని కుప్ప పెట్టుకుంటే వచ్చే ఏడు తొలి పూతకే అది రెక్కలు కట్టుకుని దిగుతుంది. పత్తి తీయడం అయిపోగానే కట్టెను ముక్కలు చేసి భూమిలో కలియదున్నండి. ఖాళీ మందు సీసాలను గట్టు మీద, బోదెలో పారేయడం కూడా మానాలి. ఆ నీళ్ళు తాగేది మన పశువులే.

పారేసిన చిన్న పొట్లం

బి.టి. పత్తికి 2002లో అనుమతి ఇచ్చినప్పుడు ఒక షరతు పెట్టారు. చేను చుట్టూ ఐదు వరుసలు గానీ, విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత, మామూలు పత్తి వేయాలి. అందుకే 450 గ్రాముల బి.టి. గింజలతో పాటు 120 గ్రాముల మామూలు గింజల పొట్లం విడిగా ఇచ్చేవారు. చాలామంది దాన్ని పారేశారు. "పురుగు తినే పత్తి నా చేలో ఎందుకు?" అనుకున్నారు. అందులో తప్పు పట్టడానికి లేదు, ఎందుకు వేయాలో చెప్పినవాళ్ళు తక్కువ.

కారణం ఇది. లక్ష పురుగుల్లో ఒకటో రెండో బి.టి.ని తట్టుకుని బతుకుతాయి. చుట్టూ మామూలు పత్తి ఉంటే దాని మీద మామూలు పురుగులు పెరుగుతాయి. తట్టుకున్న పురుగు ఆ మామూలు పురుగుతో జత కడితే వాటి పిల్లలు బి.టి.కి చస్తాయి. మామూలు పత్తి లేకపోతే తట్టుకున్న పురుగుకు తట్టుకున్న పురుగే జత. పిల్లలన్నీ తట్టుకునేవే. 2010లో గుజరాత్‌లో మొదటి రకం బి.టి.ని తట్టుకున్న గులాబి పురుగు బయటపడింది. తర్వాత కొన్నేళ్ళకే రెండు జన్యువుల బి.టి.నీ దాటింది. ఇప్పుడు మన చేలలోనూ లింగాకర్షక బుట్టలు పెట్టి కాపలా కాయాల్సి వస్తోంది. తరువాత మామూలు గింజలను ప్యాకెట్టులోనే కలిపి ఇచ్చే పద్ధతి తెచ్చారు.

గట్టు మీద కంది వేశాం కదా, అది చాలదా అని అడిగేవాళ్ళున్నారు. శనగపచ్చ పురుగు కంది మీద కూడా బతుకుతుంది గనుక దానికి సరే. గులాబి పురుగుకు పత్తే కావాలి. దానికి కంది అంచు పనికిరాదు.

పక్క చేను మందు, పక్క చేను నీళ్ళు

అంచుకు ఎప్పుడూ ఇద్దరు యజమానులు. ఇది మరిచిపోతేనే చిక్కులు.

పక్కాయన మొక్కజొన్నలోనో జొన్నలోనో కలుపుకు 2,4-డి కొట్టాడనుకోండి. మీది పత్తి. పత్తికి ఆ మందు పొగ తగిలినా చాలు, కొత్త ఆకులు వేళ్ళలా చీలి సన్నబడి పోతాయి. చాలామంది వైరస్ అనుకుని దానికీ మందు కొట్టి డబ్బు పోగొట్టుకుంటారు. దెబ్బ గట్టు వైపు ఎక్కువగా ఉండి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంటే అది మందు పొగే అని అనుమానించండి. పక్కన పత్తి ఉంటే 2,4-డి జోలికి పోకపోవడమే మంచిది. వేరే ఏ కలుపు మందు కొట్టినా గాలి లేని పూట, ముక్కుకు గొట్టం మూత పెట్టి, గట్టు వైపు కొన్ని సాళ్ళు వదిలి కొట్టాలి. ఆ పంపుతోనే పత్తికి మందు కొట్టకూడదు. కొట్టే ముందు పక్క రైతుకు ఒక మాట చెప్పండి.

నీటి సంగతీ ఇంతే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మిరప, పత్తి చేలు చెరువులయ్యాయి. నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు. రెండు రోజులు నిలిస్తే మిరప వేరుకు గాలి ఆడక మొక్క వడలిపోతుంది. గట్టు వెంట అడుగు లోతు మురుగు కాలువ ఉండి, అది పల్లం మూలన డొంక కాలువలో కలిస్తే తోటను కాపాడుకోవచ్చు. గట్టుతో పాటు ఆ కాలువను కూడా దున్నేసిన చోట నీళ్ళు పక్క చేను మీదికి వదలడం తప్ప దారి లేదు. అక్కడ మొదలైన తగాదా పోలీసు స్టేషను దాకా పోతోంది.

రాయి ఎక్కడుందో చూసుకున్నారా?

మన రాష్ట్రంలో భూమి హద్దులకు ఇప్పటికీ మూలం 1923 నాటి సర్వే, హద్దుల చట్టమే. దాని కింద పాతిన రాయిని పీకడం, జరపడం నేరం. చాలా చోట్ల ఆ రాళ్ళు మట్టిలో కూరుకుపోయాయి, కొన్ని ట్రాక్టరుకు తగిలి పక్కకు పోయాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లతో కొలిచారు. కొలత అయిన ఊళ్ళలో రైతులు తమ విస్తీర్ణం పాత పాసుపుస్తకంతో సరిపోతుందో లేదో చూసుకోవాలి. తేడా ఉంటే అర్జీ పెట్టుకోవాలి.

గట్టు అరిగిపోయిన చోట హద్దు తేలక అనుమానం పెరుగుతుంది. అనుమానం ఉంటే పంట లేని రోజుల్లో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి, ఇద్దరూ దగ్గరుండి కొలిపించుకోండి. జానెడు నేల కోసం కోర్టుకు పోతే ఆ జానెడు నేల ఖరీదు మొదటి రెండు వాయిదాలకే వకీలు ఫీజు కింద పోతుంది. పచ్చటి గట్టు, దాని రెండు చివర్లా కనిపించే రాయి ఉన్నచోట కొలిచే పనే తక్కువ పడుతుంది.

నలుగురు కలిస్తే అంచు సగం

మూడడుగుల వెడల్పున జొన్న కంచె వేయాలంటే నలుచదరపు ఎకరానికి ఐదున్నర సెంట్ల పైన పోతుంది. ఎకరం రైతుకు అది బరువే, కాదనలేం. దానికి దారి ఉంది. నాలుగు ఎకరం చెక్కలు ఒక్కచోట ఉంటే, విడివిడిగా చుట్టూ వేస్తే అంచు 3,340 అడుగులు. నలుగురూ కలిసి బయటి చుట్టూ ఒక్కటే కంచె వేస్తే 1,670 అడుగులు. సరిగ్గా సగం. మనిషికి మూడు సెంట్ల లోపే పడుతుంది. గింజ ఖర్చు సగం, చొప్ప నలుగురికీ పంచుకోవచ్చు. చిన్న కమతానికి అంచు ఎక్కువన్న లోటు ఇలా కలిస్తేనే పోతుంది. ఒక్కటే షరతు: నలుగురూ ఒకే పంట వేయాలి, కలుపు పీకడం, జిగురు అట్టలు పెట్టడం ఒకే వారంలో చేయాలి. ఒకరు తోట వదిలేస్తే పురుగు లోపలే ఉంటుంది, బయట గోడ ఎంత ఉన్నా ఏం లాభం?

కౌలు రైతుల సంగతి వేరే చెప్పాలి. మన వైపు మిరప వేసేవాళ్ళలో కౌలుదారులు చాలామంది. "భూమి ఏడాదికి నాది, గట్టు ఎప్పటికీ ఆసామిది, నేనెందుకు వేయాలి?" అన్న ప్రశ్న న్యాయమైందే. అందుకే కౌలు మాట్లాడుకునే రోజునే గట్టు మాట కూడా తేల్చుకోండి. గట్టు దున్నకుండా ఉంచినందుకు, మురుగు కాలువ తీసినందుకు ఆసామి కౌలులో కొంత తగ్గించాలి. ఎందుకంటే నిలిచేది ఆయన నేలే. ఏడాదికో కౌలుదారు మారే చేను గట్టే ముందుగా అరిగిపోతుంది.

ఈ ఏడు చేయాల్సిన పనులు

వేసవి దుక్కికి ముందు: పక్క రైతుతో కలిసి గట్టు వెంట నడిచి రాళ్ళు చూసుకోండి. ఇద్దరూ చెరో అడుగు వదిలి గట్టు పోసుకోండి. పత్తి కట్టె కుప్పలు తీసేయండి.

తొలకరికి: వయ్యారిభామ, తుత్తురబెండ పీకి కంది, అలసంద గింజ వేయండి. మురుగు కాలువ పల్లం మూల దాకా తీయండి.

మిరప నాటడానికి రెండు మూడు వారాల ముందు: జొన్న లేక సజ్జ రెండు మూడు వరుసలు ఒత్తుగా విత్తండి.

పైరు మీద: వారానికి రెండుసార్లు గట్టు చుట్టూ తిరగండి. పురుగు, తెగులు ముందు కనిపించేది అక్కడే. నడిమి చేలో కనిపించేసరికి ఆలస్యమవుతుంది.

మొదటి పనికి డబ్బు ఖర్చు లేదు. పక్క చేను రైతును పిలవడమే. మాటలు లేకుండా ఉన్నవాళ్ళయినా సరే, దుక్కి ట్రాక్టరు రాకముందే పిలవండి.